షార్జా ఇసుక రన్‌వే, మన బేగంపేట, మామునూరు: విమానాలు వెళ్లిపోయాక అక్కడ ఏం మిగులుతుంది?

జగిత్యాల_షార్జా · శుక్రవారం, రాత్రి 9.48

షార్జాలో 14 ఏళ్లు పనిచేసి రెండేళ్ల కింద ఉప్పల్‌లో స్థిరపడ్డాను. అక్కడున్నప్పుడు మా కంపెనీ వ్యాన్ రోజూ కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి మీదుగానే పోయేది. పక్క సందులన్నీ వంకరటింకరగా ఉంటే ఆ రోడ్డు మాత్రం తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉండేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. తిరిగొచ్చే ముందు నెలలో మా రూమ్‌లో ఉండే నల్గొండ తమ్ముడు చెప్పాడు: "అన్నా, మనం రోజూ పొయ్యేది రన్‌వే మీద."

జోకనుకున్నాను. ఆ సెలవు రోజున నన్ను పక్కనే ఉన్న అల్ మహట్టా మ్యూజియంకు తీసుకుపోయాడు. అది ఒకప్పటి విమానాశ్రయం. 1932లో షార్జా షేక్‌తో బ్రిటిష్ వాళ్లు ఒప్పందం చేసుకుని ఊరి బయట ఇసుకలో విమానాలు దిగే చోటు, దాని పక్కన కోటలాంటి విడిది కట్టారు. లండన్ నుంచి కరాచీకి వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు అంతకుముందు ఇరాన్ తీరం వెంట వచ్చేవి. అక్కడ అనుమతి అయిపోయేసరికి ఇటువైపు తీరానికి మారాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో మొదటి విమానం దిగింది. నాలుగు ఇంజిన్లు, రెండంతస్తుల రెక్కలు, వేగం గంటకు సుమారు 160 కిలోమీటర్లు. మన వందే భారత్ పూర్తి వేగంతో పోతే దానికి సమానం!

నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ స్థలానికి అద్దె నెలకు 800 రూపాయలు. అవును, రూపాయలే. అప్పట్లో గల్ఫ్‌లో చెల్లింది మన రూపాయే, 1960ల దాకా. మేము దిర్హమ్‌ల కోసం అక్కడికి పోయాం, వాళ్లు రూపాయల్లో అద్దె తీసుకున్నారు. మా నాన్నకు చెబితే అరగంట నవ్వాడు.

1977లో ఊరికి దూరంగా కొత్త విమానాశ్రయం తెరిచి పాతదాన్ని మూసేశారు. ఊరు పెరిగి ఆ రన్‌వేను మింగేసింది. కానీ దాని గీత మాత్రం పోలేదు, రోడ్డయి కూర్చుంది.

అప్పటి నుంచి హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేట పక్కగా వెళ్లినప్పుడల్లా ఇదే ఆలోచన. మన దగ్గర మూతబడిన, సగం మూతబడిన రన్‌వేల సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

తాడ్‌బండ్ డాబా · శుక్రవారం, రాత్రి 10.05

అన్నా, సరైన చోట గోకావు. మా ఇల్లు తాడ్‌బండ్ దగ్గర, బేగంపేటలో దిగే విమానాల దారికి దాదాపు కిందే. చిన్నప్పుడు డాబా మీద వడియాలు ఎండబెట్టి కాకులు రాకుండా నన్ను కూర్చోబెట్టేవారు. కాకులేం రావాలి, విమానం రాగానే అన్నీ ఎగిరిపోయేవి. చక్రాలు బయటికి వచ్చి ఉండేవి, కడుపు కింద మరకలు కూడా కనిపించేవి. ఇంట్లో ఫోన్ మాట్లాడుతుంటే విమానం పోయేదాకా ఇద్దరూ ఆగాల్సిందే. మా అమ్మ ఫోన్‌లో "ఆగు, ఆగు, పోనీ" అంటే అవతలివాళ్లకు అర్థమైపోయేది.

2008 మార్చి 22 రాత్రి విమానాలు కొత్త శంషాబాద్‌ విమానాశ్రయానికి మారిపోయి ఆ చప్పుడు ఆగిపోయింది. మర్నాడు ఉదయం మా అమ్మ అన్న మాట: "ఇంట్లో ఎవరో లేనట్టుంది."

ఆరాంఘర్ ట్రాఫిక్ · శుక్రవారం, రాత్రి 10.11

మీకు చప్పుడు పోయింది, మాకు నిద్ర పోయింది 😀 అప్పుడు నేను క్యాబ్ నడిపేవాణ్ణి. శంషాబాద్ తెరిచిన కొత్తలో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే లేదు, అది 2009 అక్టోబర్‌లో వచ్చింది. ఆ ఏడాదిన్నర మెహిదీపట్నం, అత్తాపూర్, ఆరాంఘర్ కింద నుంచే పోవాలి. కూకట్‌పల్లి పార్టీని ఒకసారి మూడు గంటల ముందు ఎక్కించుకున్నా, లంగర్‌హౌజ్ దగ్గర పెళ్లి బరాత్ అడ్డం వచ్చింది. బ్యాండు వాళ్లు ఒక పాట మొత్తం అక్కడే నిలబడి కొట్టారు. ఆయన ఫ్లైట్ పోయింది. తిరిగొచ్చేటప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, దిగేటప్పుడు మాత్రం "నీ తప్పు కాదులే" అని చిల్లర వదిలేశాడు. ఇప్పటికీ బరాత్ కనిపిస్తే నాకు టెన్షనే.

రన్‌వే09 · శుక్రవారం, రాత్రి 11.30

విమానాల రాకపోకలు చూసే ఉద్యోగంలో రిటైరయ్యాను కాబట్టి రెండు మాటలు.

పాత రన్‌వేలు ఎందుకు పనికిరాకుండా పోతాయి? ఇసుక పాడైపోవడం అసలు కారణం కాదు. షార్జా లాంటి చోట్ల ఉప్పు నేల ఎండితే గట్టిగా పెంకు కడుతుంది, తేలికపాటి పాత విమానాలకు అది చాలు. వాన పడితే అదే నేల మెత్తబడుతుంది. ఆ తర్వాత బరువైన విమానాలు, జెట్లు వచ్చాయి. వాటికి గట్టి ఉపరితలం కావాలి, పొడవు కావాలి. వేడి ప్రాంతంలో ఇంకా పొడవు కావాలి. ఎందుకంటే వేడెక్కిన గాలి పలచబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు బలం తగ్గుతుంది, కాబట్టి ఎక్కువ దూరం పరుగెత్తితే గానీ లేవదు. లేదా బరువు తగ్గించాలి.

మనకు దీనికి తోడు ఎత్తు. హైదరాబాద్ పీఠభూమి మీద ఉంది కదా. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 530 మీటర్లు, శంషాబాద్ 600 మీటర్ల పైనే. మే నెల మధ్యాహ్నం నిండు విమానాన్ని ఇక్కడ లేపడం, చెన్నైలో లేపడం ఒకటి కాదు. బేగంపేట రన్‌వే సుమారు 3.2 కిలోమీటర్లు. పొడిగిద్దామంటే ఇటు రసూల్‌పురా, అటు బాలానగర్, ఫతేనగర్. ఎటూ అంగుళం లేదు. శంషాబాద్‌లో అందుకే 5,500 ఎకరాలు తీసుకుని 4,260 మీటర్ల రన్‌వే వేశారు.

ఇంకొకటి. పేరులో 09 ఎందుకు పెట్టుకున్నానో చాలామంది అడుగుతారు. రన్‌వే దిక్సూచిలో ఎటు చూస్తుందో ఆ డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే దాని నంబరు. 90 డిగ్రీలు తూర్పు, కాబట్టి 09. అవతలి చివర నుంచి చూస్తే పడమర, 270, కాబట్టి 27. బేగంపేట 09/27. శంషాబాద్ కూడా అదే వరస. ఊరు మారినా గాలి దిక్కు మారదు కదా.

కడపక్క · శనివారం, ఉదయం 7.20

రన్‌వే సార్, ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు. థ్యాంక్స్.

బేగంపేట మూసేశారు అంటే పూర్తిగా మూసినట్టు కాదు కదా? మొన్న మా వాడిని ఎయిర్ షోకు తీసుకెళ్లాం.

రన్‌వే09 · శనివారం, ఉదయం 8.02

కాదమ్మా. టికెట్ కొని ఎక్కే విమానాలు మాత్రమే లేవు. ప్రముఖుల విమానాలు, వైమానిక దళం, శిక్షణ విమానాలు ఇప్పటికీ దిగుతాయి. రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన కూడా అక్కడే. ఒకటి మాత్రం పోయింది, దాని పేరు. హెచ్‌వైడీ అనే మూడక్షరాల కోడ్ శంషాబాద్‌కు ఇచ్చేసి బేగంపేటకు బీపీఎం అని కొత్తది ఇచ్చారు. బ్యాగు మీద కట్టే చీటీలో ఉండేది ఆ అక్షరాలే. పెద్దకొడుకు పేరు తీసి చిన్నకొడుక్కు పెట్టినట్టు మాకప్పుడు ఆఫీసులో కొంచెం బాధ అనిపించింది.

మోండా మార్కెట్ మామ · శనివారం, ఉదయం 10.40

ఇక్కడ చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. బేగంపేట నిజాం కాలం నాటిది. 1930ల్లో హైదరాబాద్ ఏరో క్లబ్ అక్కడే పెరిగింది. తర్వాత నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో దేశంలోని విమాన సంస్థలన్నీ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అంటే మనకు సొంత విమాన సంస్థ ఉండేది, అర్థమైందా?

2008లో మూసేటప్పుడు గొడవ కూడా తక్కువేం జరగలేదు. బేగంపేట, బెంగళూరు పాత విమానాశ్రయాలు మూయవద్దని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు ఆ మార్చిలో సమ్మె చేశారు. నేను వాళ్ల వైపే. ఇప్పటికీ వాళ్ల వైపే. విజయవాడకు ముప్పావు గంట ప్రయాణానికి సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ పోవడానికే గంటన్నర. ఇదేం లెక్క? చిన్న విమానాలకైనా బేగంపేట తెరవాలి.

ఆరాంఘర్ ట్రాఫిక్ · శనివారం, ఉదయం 10.52

మామా, మళ్లీ తెరిస్తే బేగంపేట ఫ్లైఓవర్ మీద మీరే ఇరుక్కుంటారు.

రన్‌వే09 · శనివారం, ఉదయం 11.15

మామగారి కోపం న్యాయమే కానీ ఆకాశంలో కూడా ట్రాఫిక్ ఉంటుంది. బేగంపేట పక్కనే హకీంపేట, ఆ పైన దుండిగల్, రెండూ వైమానిక దళానివి. శంషాబాద్ కట్టడానికి వచ్చిన సంస్థకు రాతకోతల్లో ఒక హామీ కూడా ఇచ్చారు. తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా చుట్టూ 150 కిలోమీటర్ల లోపు ఇంకో పౌర విమానాశ్రయం నడపకూడదని. వేల కోట్లు పెట్టేవాడు పక్కనే పోటీ దుకాణం వద్దంటాడు, అది సహజం. ఈ నిబంధన దెబ్బ ఎక్కువగా పడింది బేగంపేట మీద కాదు, వరంగల్ మీద.

హన్మకొండ చిన్నోడు · శనివారం, మధ్యాహ్నం 1.30

ఇగ నా వంతు. అన్నం తినుకుంటనే టైప్ చేస్తున్న.

మామునూరు. వరంగల్ నుంచి ఖమ్మం రోడ్డు మీద. ఇదీ నిజాం కాలందే. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు ఉన్న రోజులు, వ్యాపారులు దిగేవారట. 1981లో మూతపడింది. అంటే నేను పుట్టక ముందే. మాకు అది విమానాశ్రయం అని చెబితే నవ్వేవాళ్లం. మాకు అది స్కూటర్ నేర్చుకునే గ్రౌండ్.

మా మేనమామ తన చేతక్ మీద నన్ను అక్కడికి తీసుకుపోయేవాడు. గోడ కూలిన చోట నుంచి లోపలికి. నడి ఎండలో ఆ రన్‌వే పొడవునా పగుళ్లు, ప్రతి పగులులో గడ్డి మొలిచి పచ్చని చారలు గీసినట్టు ఉండేది. గేదెలు ఆ తారు మీదే పడుకునేవి, పొద్దున వెచ్చగా ఉంటుందని. మామయ్య బండి వెనక పరుగెత్తుతూ "క్లచ్ వదలకు, వదలకు" అని అరిచేవాడు. వదిలాను. బండి నన్ను కింద పడేసి ఒక్కతే పది గజాలు పోయింది. మామయ్య ఊపిరి తీసుకుని అన్నాడు: "టేకాఫ్ అయిపోయిందిరా."

ఇప్పుడు అసలు సంగతి. 150 కిలోమీటర్ల నిబంధన వల్ల ఏళ్ల తరబడి ఏదీ కదలలేదు. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని ఒప్పుకున్నాక 2025 ఫిబ్రవరి ఆఖర్లో కేంద్రం పచ్చజెండా ఊపింది. అక్కడ ఇప్పటికే 696 ఎకరాలు ఉంది, ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. ఉన్న రన్‌వే 1.8 కిలోమీటర్లు, పెద్ద విమానాలకు చాలదు. భూమి పోయేది నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి వైపు.

మామయ్యకు ఆ చుట్టుపక్కల ఎకరంన్నర ఉంది. పత్తి వేస్తాడు. చేతక్ నేర్పిన మనిషే ఇప్పుడు ఆ రన్‌వే అనే మాట వింటే మాట్లాడడు. ఊళ్లో సంబరంగా పటాకులు కాల్చిన రోజు ఆయన పొలం గట్టు మీదే కూర్చున్నాడు. నాకేమో విమానాశ్రయం కావాలి, ఆయనకేమో పొలం కావాలి. ఇద్దరం ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఏం చెప్పాలి?

కడపక్క · శనివారం, మధ్యాహ్నం 2.10

చిన్నోడా, చివరి పేరా చదివి ఆగిపోయాను.

మా ఊరి సంగతి కొంచెం ఊరటగా ఉంటుందేమో. కడపలో 1950ల నాటి రన్‌వే. మా చిన్నప్పుడు అదీ నిద్రపోతున్నట్టే ఉండేది. బాగుచేసి 2015 జూన్‌లో మళ్లీ తెరిచారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజు సిమ్లా నుంచి ఢిల్లీకి ప్రధాని మొదటి విమానం ప్రారంభించారు కదా, అదే రోజు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలూ మొదలయ్యాయి. గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలి, తగ్గిన డబ్బు ప్రభుత్వం సర్దుతుంది, అదీ అప్పటి పద్ధతి.

మా నాన్నకు అప్పుడు హైదరాబాద్‌లో మోకాలి ఆపరేషన్. రైల్లో రాత్రంతా కాలు చాపుకోలేక ఏడ్చేవాడు. విమానంలో గంటలోపే దించారు. దిగాక ఆయన అన్న మాట: "పూర్తిగా కూర్చోనే లేదు, అప్పుడే దిగమంటారేంది?" డబ్బులు గిట్టుబాటు కాలేదని అనుకున్నాడు పాపం.

అయితే ఒకటి. నడిపే సంస్థ ఆగిపోతే ఆ విమానమూ ఆగిపోతుంది. మాకు అలా ఖాళీగా ఉన్న నెలలు కూడా ఉన్నాయి. భవనం కట్టడం ఒక ఎత్తు, రోజూ విమానం దిగడం ఇంకో ఎత్తు.

ఓర్వకల్లు రాళ్లు · శనివారం, సాయంత్రం 5.45

మాది పాత రన్‌వే కథ కాదు, కొత్తదే. కర్నూలు దగ్గర ఓర్వకల్లు, 2021 మార్చిలో తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి పేరు. ఎడారి కాదు కానీ ఆ రాళ్లూ ఆ ఎండా చూస్తే ఎడారి నయం అనిపిస్తుంది. 2,000 మీటర్ల రన్‌వే. చిన్న విమానాలకు సరిపోతుంది. కడపక్క చెప్పిందే రైటు, టైమ్‌టేబుల్ చూసుకుని పోవాలి.

మోండా మార్కెట్ మామ · శనివారం, సాయంత్రం 6.30

ఇన్ని చెప్పాక నా మాట మార్చుకోను కానీ కొంచెం తగ్గిస్తాను. బేగంపేటలో పౌర విమానాలు వద్దు, సరే. కానీ అక్కడ ఖాళీ జాగా ఉందని చూసి కన్నేసేవాళ్లు మనూళ్లో తక్కువ కాదు. రన్‌వే ఉన్నంతకాలం చుట్టుపక్కల ఎత్తు కట్టాలంటే అనుమతి పత్రం తెచ్చుకోవాలి. ఆ ఒక్క కాగితం వల్లే సికింద్రాబాద్‌లో మా వైపు ఇంకా ఆకాశం కనిపిస్తోంది. గచ్చిబౌలి చూడండి.

జగిత్యాల_షార్జా · శనివారం, రాత్రి 9.10

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థ్యాంక్స్.

నేను మొదటి పోస్టులో రాయనిది ఒకటి రాస్తాను. మా నాన్న గల్ఫ్ పోయినప్పుడు మా ఊరి నుంచి బొంబాయి దాకా పోయి ఎక్కాడు. మా అన్న 2004లో బేగంపేటలో ఎక్కాడు. నేను శంషాబాద్‌లో ఎక్కాను. ఒకే ఇంట్లో మూడు రకాలు.

అన్న వెళ్లిన రోజు బాగా గుర్తు. టాటా సుమోలో పదకొండు మందిమి. అమ్మ ముందు రోజంతా సకినాలు చుట్టింది, ఆవకాయ సీసాకు మూత మీద మైదాపిండి పూసి, గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి, దాని మీద ఇంకో సంచి. అట్టపెట్టె చుట్టూ నైలాన్ తాడు అడ్డం నిలువూ కట్టి, నల్ల మార్కర్‌తో పేరు, షార్జా అని రాశాం. కిరాణా కొట్టు కాటా మీద తూచాం. 23 కిలోలు. మూడు కిలోలు తీయాలి. అమ్మ సకినాలు తీయనీయలేదు, అన్న బట్టలు తీసింది.

అన్న లోపలికి పోయాక మేం బేగంపేట రోడ్డు మీదకు వచ్చి గోడ పక్కన నిలబడ్డాం. అక్కడ మాలాంటివాళ్లు చాలామంది. ఏ విమానం లేచినా "ఇదేనా?" "ఇదే, ఇదే" అనుకుంటూ చేతులు ఊపేవాళ్లు. మేం మూడింటికి ఊపాం. అందులో అన్న ఎక్కింది ఏదో ఇప్పటికీ తెలియదు.

నా విషయానికి వస్తే శంషాబాద్‌లో పైన ర్యాంప్ మీద దింపారు. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. అమ్మ నా తల మీద చెయ్యి వేసేలోపే గార్డు "బండి తీయండి" అన్నాడు. లోపల అంతా అద్దాలు, చల్లగా, బ్రహ్మాండంగా ఉంది, అబద్ధం ఎందుకు. ఏడాదికి 1.2 కోట్ల మందికని మొదలుపెట్టి ఇప్పుడు 3.4 కోట్లకు పెంచారు. అన్ని కోట్ల మంది గోడ పక్కన నిలబడి చేతులు ఊపలేరు, నాకూ తెలుసు. కానీ మా అమ్మ ఊపింది విమానానికి కాదు కదా.

హన్మకొండ చిన్నోడా, మీ మామయ్యకు ఏం చెప్పాలో నాకూ తెలియదు. ఒక్కటి మాత్రం చేయి. రన్‌వే తవ్వేలోపు చేతక్ తీసుకుని ఆయనతో ఒక్కసారి దాని పక్క దాకా పోయిరా.

హన్మకొండ చిన్నోడు · శనివారం, రాత్రి 9.34

చేతక్ ఎప్పుడో అమ్మేశాడు అన్నా. నా యాక్టివా ఉంది. లోపలికి ఇప్పుడు పోనియ్యరు, బయట రోడ్డు దాకా తీసుకుపోతా. వెనక కూర్చోమంటే కూర్చోడు, ఆయనే నడుపుతానంటాడు.

తాడ్‌బండ్ డాబా · శనివారం, రాత్రి 10.20

ఇప్పుడే జరిగింది, చెప్పకుండా ఉండలేకపోతున్నా. పైన ఏదో చిన్న విమానం పోయింది, ఎవరో మంత్రిగారిది అయ్యుంటుంది. అమ్మ సీరియల్ చూస్తోంది. చప్పుడు మొదలవగానే, అటు చూడనైనా చూడకుండా, రిమోట్ తీసుకుని సౌండ్ ఐదు గీతలు పెంచింది. పోయాక ఐదు గీతలు తగ్గించింది. పద్దెనిమిదేళ్లు కావస్తున్నా చెయ్యి మర్చిపోలేదు.